మిర్చి కొనేవారికి, కోసేవారి పక్షాన ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మిర్చి ఎగుమతిదారులకు, మసాలా కంపెనీల యాజమాన్యాలకు, శీతల గిడ్డంగుల యజమానులకు;

ప్రతులు: రైతు సంఘాల పెద్దలకు, కార్మిక, మార్కెటింగ్, విద్యా శాఖల అధికారులకు.

నమస్కారం.

పల్నాడు, గుంటూరు నల్లరేగడి నేలల్లో పండిన కాయను కొని దేశదేశాలకు పంపుతున్నది మీరు. ఈ ప్రాంతం పేరు బయట వినబడుతున్నదంటే అందులో మీ వ్యాపారం పాలు చాలా ఉంది. ఆ కాయను చెట్టు నుంచి కోసి గోతానికెత్తే చేతుల గురించి మీతో నేరుగా మాట్లాడవలసి వచ్చింది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాం.

మేము రిజిస్టరైన సంఘం కాదు, ఏ పార్టీకీ అనుబంధం కాదు. ఇక్కడి మాల, మాదిగ పల్లెల నుంచి కోతకు వెళ్లే మహిళలు, కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి సుగ్గికి, అంటే సీజను వలసకు వచ్చే బోయ, కురువ, దళిత కుటుంబాలు, ఎకరం సొంత భూమికి మూడు నాలుగెకరాల కౌలు కలుపుకొని మిరప వేసే రైతులు, కూలీలను పొలాలకు తోలే ఆటో, ట్రాక్టరు డ్రైవర్లు, ఇద్దరు ఆశా కార్యకర్తలు, ఒక పాస్టరు గారు, ఒక మసీదు కమిటీ పెద్ద, ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు. ఇంతే మా బృందం. అందరి మాటనూ కాగితం మీద పెట్టే పని ఆ ఉపాధ్యాయుడినైన నాకు అప్పగించారు.

పోయిన సీజనులో మేము చేయవలసినవన్నీ చేశాం. వరుసగా మూడు సోమవారాలు ఒక కార్యాలయంలో అర్జీలు ఇచ్చాం. మూడవ అర్జీ ఇచ్చిన పదకొండో రోజున మా సమస్య పరిష్కారమైందని నా ఫోనుకు సందేశం వచ్చింది. మమ్మల్ని పలకరించడానికి గానీ, పొలంలోకి వచ్చి చూడడానికి గానీ అప్పటికి ఒక్కరూ రాలేదు. కొనుగోలు చేసే కొన్ని సంస్థలకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు పంపాం. అందినట్టు సంతకాలతో రసీదులు తిరిగి వచ్చాయి గాని జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాం.

మొదట ఒక సాయంత్రం సంగతి చెప్పాలి. గత ఫిబ్రవరిలో మా ఊరి పక్క పొలంలో కోత ముగిశాక, గట్టు మీది వేపకొమ్మకు కాటా వేలాడదీసి కాయ తూస్తున్నారు. పొద్దుటి నుంచి వంగి కోసిన ఆడవాళ్లు ఒక్కొక్కరే తమ గోతం లాక్కొచ్చి వరుసలో నిలబడ్డారు. ప్రతి గోతానికీ గోతం బరువు పోగా, తేమ పేరుతో ఒక తరుగు, చెత్త పేరుతో ఇంకో తరుగు తీశారు. అది ఎవరి లెక్క అని నేను కూలీల గుంపును తెచ్చిన మేస్త్రిని అడిగితే ఆయన రైతు వైపు చూపించాడు. రైతును అడిగితే ఆయన ఏమీ మాట్లాడకుండా చొక్కా జేబులోంచి మిర్చి యార్డులో ఇచ్చిన అమ్మకం పట్టీ తీసి నా చేతిలో పెట్టాడు. అందులో ఆయనకూ తరుగులు తీసి ఉన్నాయి, కమీషను ఉంది, హమాలీ ఉంది, నాసిరకం తాలు కాయ పేరుతో తగ్గించిన ధర ఉంది. ఆయన అబద్ధమాడలేదు. కూలీ మీద పడిన కోత ఆయన గట్టు మీద పుట్టలేదని, అంతకుముందే ఎక్కడో మొదలై, మెట్టు మెట్టుకూ దిగుతూ, ఇక ఎవరి మీదికీ తోయలేని మనిషి దగ్గర వచ్చి ఆగిందని నాకు ఆ పట్టీ చూశాకే స్పష్టంగా అర్థమైంది.

మా బృందం ఏర్పడింది ఆ రాత్రే. కూలి పెంచమని అడిగితే రైతు చితికిపోతాడని, రైతును నిలబెట్టాలంటే కూలీ సర్దుకోవాలని ఇన్నేళ్లుగా ఇద్దరికీ చెబుతూ వచ్చారు. రైతు పరిస్థితి తెలియనిది కాదు. 2021-22లో నల్ల తామర పురుగు పూతంతా తినేస్తే చేనుకు చేను దున్నేసిన వాళ్లు మాలోనే ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. అటువంటి ఏడు కౌలు చెల్లించి, మందుల అప్పు తీర్చి, కూలి కూడా పెంచమంటే కౌలురైతు ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు రైతు దగ్గర లేదు, మీ దగ్గర ఉంది. 2023-24లో మన దేశం నుంచి ఎగుమతైన మిర్చి విలువ దాదాపు 150 కోట్ల డాలర్లు. ఆ లావాదేవీలో ధర నిర్ణయించగల స్థానంలో ఉన్నది కొనేవారు.

కోసేవారి బాగోగులు తెలుసుకోవడం మీకు సాధ్యం కాదని దయచేసి అనవద్దు. విదేశీ కొనుగోలుదారు పురుగుమందు అవశేషాల పరీక్ష అడిగాడు కాబట్టి మీ క్షేత్ర సిబ్బంది పొలాలకు వస్తున్నారు, రైతు ఏ మందు ఏ తేదీన కొట్టాడో పుస్తకంలో రాయిస్తున్నారు, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం రాకుండా కల్లంలో పట్టాల మీద ఎలా ఆరబోయాలో నేర్పుతున్నారు. ఒక బస్తాను పట్టుకొని అది ఏ ఊరి ఏ రైతు చేనులోదో చెప్పగలుగుతున్నారు. కాయ మీద అణువంత మందు మిగిలినా కనిపెట్టగలిగిన వ్యవస్థకు, ఆ కాయ కోసిన మనిషికి ఎంత కూలి ముట్టిందో కనిపెట్టడం అసాధ్యం కాదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇప్పుడు మేము అడుగుతున్నాం.

ఈ నిర్లక్ష్యం వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతున్నదో వరుసగా విన్నవిస్తున్నాం.

1. ప్రాణాలు పోతున్నాయి. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది మరణించారు. 2022 జూన్ 30న శ్రీసత్యసాయి జిల్లా తాడిమర్రి మండలంలో పొలం పనికి వెళ్తున్న ఆటో మీద విద్యుత్ తీగ తెగిపడి ఐదుగురు మహిళలు సజీవ దహనమయ్యారు. 2025 ఫిబ్రవరిలో మా పల్నాడు జిల్లాలోనే ముప్పాళ్ల మండలంలో మిర్చి కోతకు వెళ్లి తిరిగి వస్తున్న ట్రాక్టరు బోల్తాపడి నలుగురు మహిళలు పోయారు. ప్రతిసారీ సంతాపాలు, పరిహార ప్రకటనలు, డ్రైవరు మీద కేసు. ఎక్కువమందిని ఎక్కిస్తే తప్ప డీజిలు ఖర్చు కూడా రాదన్న లెక్క మీదే ఆ బండి నడుస్తోందని మాత్రం ఎవరూ రాయరు. మా బృందంలోని డ్రైవరు ఒకరు ఆ మాట చెబుతూ తల దించుకున్నారు. ట్రాలీలో మనుషులను తోలడం తప్పని ఆయనకు తెలుసు. తోలనంటే మేస్త్రి మరునాడు ఇంకో బండి పిలుస్తాడనీ తెలుసు.

2. పిల్లల చదువు మధ్యలో తెగిపోతోంది. ఈ అంశం మీద నేను కొంచెం ఎక్కువగా రాస్తే మన్నించండి, ముప్పై ఏళ్లకు పైగా బడిలో గడిపినవాడిని. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఆలూరు వైపు ఊళ్లలో వానలు మోసం చేసిన ఏడు, దసరా దాటగానే పత్తి తీతకు, సంక్రాంతి దాటగానే మిర్చి కోతకు గుంపులు గుంపులుగా బయలుదేరతారు. ముసలివాళ్లు ఇంటికి కాపలా ఉంటారు, లేదంటే తాళం కాపలా ఉంటుంది. అమ్మానాన్నలతో పాటు పిల్లలూ బండెక్కుతారు, ఎందుకంటే చంటిబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్ల కావాలి. నేను పనిచేసిన చివరి సంవత్సరం మా బడి వెనక పొలంలో అటువంటి గుడారాలు పడ్డాయి. చంకలో తమ్ముణ్ణి ఎత్తుకొని ఒక పదేళ్ల పిల్ల రోజూ నాలుగో తరగతి కిటికీ దగ్గర నిలబడేది. బదిలీ పత్రం లేదనే సాకుతో ఏ పిల్లనూ బయట నిలబెట్టకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది కాబట్టి లోపలికి పిలిచి పేరు రాసుకున్నాను. తమ్ముడు అంగన్‌వాడీలో కూర్చున్నాడు. ఆ పిల్ల ఇరవై ఆరు రోజులు బడికి వచ్చింది. ఒక తెల్లవారుజామున గుంపు ఇంకో ఊరికి కదిలింది. నోటు పుస్తకం నా బల్ల మీద మిగిలిపోయింది. ఏడో ఎక్కం ఏడార్ల దాకా రాసి ఉంది. వలస వెళ్లేవారి పిల్లల కోసం సొంత ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు పెట్టే పద్ధతి ఉన్న మాట నిజమే. అవి తెరిచే రోజుకు గుంపు బండెక్కేస్తే ఆ పద్ధతి వల్ల ఫలితం లేదు.

3. బయానా అప్పుగా మారుతోంది. వలస బయలుదేరే ముందు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు ఎంత, అందులో ఎంత తీరింది, ఇంకెంత మిగిలింది అన్న లెక్క ఆయన చిన్న పుస్తకంలో తప్ప ఎక్కడా ఉండదు. జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకున్నా, వాన వచ్చి కోత ఆగినా, తిండి ఖర్చు మాత్రం ఆ పుస్తకంలో పెరుగుతూ ఉంటుంది. వేసవిలో ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు చేతిలో ఎంత ఉంటుందో చివరి రోజు దాకా తెలియని పనికి మనుషులు కుటుంబంతో సహా వస్తున్నారు. చట్టపరంగా ఇంకో చిక్కు కూడా ఉంది. కోసిగి మనిషి పల్నాడుకు వస్తే అది రాష్ట్రం లోపలి వలస. అదే మనిషి ఖమ్మం వైపు వెళ్తే 2014 తరువాత అది అంతర్రాష్ట్ర వలస. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా, అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో చేసిన చట్టంలోని నమోదు, ప్రయాణ భత్యం వంటి రక్షణలు ఇక్కడికి వచ్చినవారికి కాగితం మీద కూడా ఉండేవి కావు. సరిహద్దు దాటి ఖమ్మం వెళ్లినవారికి అవి కాగితం మీదే ఉండేవి.

4. ఆరోగ్యం. మిరప చేనులో పొద్దంతా పనిచేసిన చేతులు రాత్రంతా మండుతాయి. ఆ చేతులతో బిడ్డకు అన్నం కలిపి పెట్టలేరు, కళ్లు తుడుచుకోలేరు. మందు కొట్టిన చేనులోకి ఎన్ని రోజుల తరువాత దిగాలో రైతుకు మీ సిబ్బంది చెబుతారు గాని కూలీకి చెప్పేవారు లేరు. చేను మధ్యలో మరుగు ఉండదు కాబట్టి ఆడవాళ్లు నీళ్లు తక్కువ తాగుతారు. మూత్రంలో మంట, జ్వరం అంటూ వచ్చే కేసులు కోతల నెలల్లో పెరుగుతాయని మా ఆశా కార్యకర్తలు ఏటా చూస్తున్నారు.

5. స్త్రీల గౌరవం. గుడారాల్లో, చీకటి ప్రయాణాల్లో, కూలి కోసం ఎదురుచూసే వేళల్లో ఆడవాళ్లు ఎదుర్కొంటున్నవి ఇక్కడ వివరించలేం. చెప్పుకునే చోటు లేకపోవడమే అసలు బాధ. అసంఘటిత రంగంలోని స్త్రీల ఫిర్యాదుల కోసం ప్రతి జిల్లాలో ఒక స్థానిక కమిటీ ఉండాలని, పనిచోట లైంగిక వేధింపులను ఆపడానికి చేసిన 2013 నాటి చట్టం చెబుతోంది. మేము అడిగిన కోత కూలీల్లో ఆ మాట విన్నవారు ఒక్కరూ లేరు.

ఇవన్నీ ఒకరితో ఒకరికి పడని మనుషులు ఒకచోట కూర్చుంటే తప్ప మారవని మేము చదివి, చూసి తెలుసుకున్నాం. అందుకు మాకు బలమిచ్చిన ఒక ఉదాహరణ అమెరికాది. మన పిల్లలు ఎందరో చదువుకోవడానికి వెళ్లిన దేశమే అది.

ఫ్లోరిడా రాష్ట్రంలో ఇమ్మోకలీ అనే చిన్న ఊరి చుట్టూ టమాటా తోటలున్నాయి. కోతకు మెక్సికో, గ్వాటెమాలా, హైతీ నుంచి వచ్చినవారు ఉంటారు. ఒకరి భాష ఒకరికి రాదు. స్పానిష్, హైతీ క్రియోల్, మాయా భాషలు మాట్లాడే మనుషులు 1993లో ఒక చర్చి ఇచ్చిన గదిలో కలుసుకోవడం మొదలుపెట్టారు. 1996లో నీళ్లు తాగడానికి పని ఆపిన ఒక కుర్రవాణ్ణి మేస్త్రి నెత్తురు కారేలా కొడితే, ఆ నెత్తుటి చొక్కా పట్టుకొని వందలమంది ఆ మేస్త్రి ఇంటిదాకా నడిచారు. కొట్టింది ఒక్కణ్ణే అయినా నడిచింది అన్ని భాషలవాళ్లూ. తరువాత సమ్మెలు చేశారు, ఆరుగురు నెలరోజులు నిరాహారదీక్ష చేశారు, 2000లో 230 మైళ్లు నడిచారు. అయినా తోటల యజమానులు దిగిరాలేదు.

అప్పుడు వాళ్లు తమ కష్టం ఎక్కడ మొదలవుతున్నదో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లారు. టమాటా టోకున కొనే పెద్ద పెద్ద భోజనశాలల కంపెనీలు ధర నొక్కుతుంటే, ఆ నొక్కుడు యజమాని మీదుగా కూలీ మీదికి దిగుతోందని గ్రహించారు. ముప్పై రెండు పౌన్ల బకెట్టు నింపితే నలభై, నలభై అయిదు సెంట్లు వచ్చేవి. పౌనుకు ఒక్క సెంటు అదనంగా ఇవ్వండి, అది కూలీకి చేరాలి అన్నారు. బకెట్టుకు ముప్పై రెండు సెంట్లన్న మాట. 2001లో టాకో బెల్ అనే సంస్థ తిండిని బహిష్కరించమని పిలుపునిచ్చారు. కాలేజీ విద్యార్థులు తమ క్యాంపస్‌ల నుంచి ఆ దుకాణాలను తీయించారు, ప్రెస్బిటీరియన్ చర్చి వంటి పెద్ద సంస్థలు గొంతు కలిపాయి, టమాటా తోట ఎన్నడూ చూడని పట్టణ గృహిణులు కలిశారు. నాలుగేళ్ల తరువాత, 2005 మార్చిలో ఆ కంపెనీ ఒప్పుకుంది. 2007లో మెక్‌డొనాల్డ్స్, 2008లో బర్గర్ కింగ్ ఒప్పుకున్నాయి. మధ్యలో తోటల యజమానుల సంఘం ఇందులో చేరిన సభ్యుడికి లక్ష డాలర్ల జరిమానా అని బెదిరించింది. అదే సంఘం 2010 నవంబరులో సంతకం పెట్టింది. 2014 జనవరిలో వాల్‌మార్ట్ చేరింది.

మా కాటా సంగతి చెప్పాం కదా, అక్కడా అటువంటిదే ఒకటుండేది. బకెట్టు అంచు దాకా కాక పైన గోపురంలా కుప్ప పోస్తేనే తీసుకునేవారు, ఆ కుప్పకు పైసా వచ్చేది కాదు. ఒప్పందంలో ఆ కుప్పను మాన్పించారు. పని వేళల్లోనే, కూలి ఇస్తూ, కూలీలే కూలీలకు హక్కులు చెప్పే తరగతులు పెట్టారు. ఇరవై నాలుగు గంటలూ పనిచేసే ఫిర్యాదుల ఫోను పెట్టారు. నిర్బంధ చాకిరీ, బాల కార్మికులు, లైంగిక హింస రుజువైన తోట నుంచి కంపెనీలు సరుకు కొనవు. ఆ చివరి నిబంధనే మిగతావాటికి ప్రాణం.

అంతకు ముందు కాలిఫోర్నియాలోనూ ఇదే జరిగింది. డెలానోలో 1965 సెప్టెంబరు 8న ద్రాక్ష తోటల్లో ఫిలిప్పీన్స్ కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో పని ఆపారు. అంతవరకు ఒక జాతివారు సమ్మె చేస్తే ఇంకో జాతివారిని తెచ్చి పని చేయించుకోవడం యజమానుల అలవాటు. ఈసారి ఎనిమిది రోజులకే సీజర్ చావెజ్, డొలోరెస్ హుయెర్టాల వెంట మెక్సికన్ కూలీలు వచ్చి పక్కన నిలబడ్డారు. ద్రాక్ష బహిష్కరణ అమెరికా అంతా పాకింది, 1970 జూలైలో యజమానులు ఒప్పందం మీద సంతకాలు చేశారు. మా దగ్గరా స్థానిక కూలీ కూలి పెంచమంటే కర్నూలు గుంపును దింపుతామని, కర్నూలు గుంపు నోరెత్తితే స్థానికులు ఉన్నారని అంటారు. పోయిన ఏడాది నుంచి ఆ రెండు వర్గాలూ ఒకే చాప మీద కూర్చుంటున్నాయి.

ఈ కలయిక తేలిగ్గా జరిగిందని మేము చెప్పుకోవడం లేదు. కారంచేడు (1985), చుండూరు (1991) దళితుల ఊచకోతలు జరిగిన నేల ఇది. కూలి బేరం దగ్గర కులం మాట్లాడని ఊరు లేదు. మా మొదటి సమావేశంలో కౌలురైతులు అరుగు మీద, కూలీలు కింద కూర్చున్నారు. ఆ రోజు ఏ విషయమూ తేలలేదు. రెండో సమావేశం చర్చి ఆవరణలో, మూడోది మసీదు పక్క షెడ్డులో పెట్టుకున్నాం, అందరూ నేల మీదే కూర్చున్నారు. అక్కడే ఒక కౌలురైతు తన పట్టీని, ఒక కోత కూలీ తన కూలి చీటీని పక్కపక్కన పెట్టి చదివించారు. సమన్యాయం లేని ఐక్యత మాకు వద్దు. రైతు కష్టం పేరు చెప్పి కూలీ అవమానాన్ని కప్పిపెట్టే ఐక్యత అసలే వద్దు.

ఇక మా కోరికలు.

1. ఎండు మిర్చి కిలోకు 2 రూపాయల చొప్పున, రైతుకు ఇచ్చే ధర మీద అదనంగా, కొనేవారు కోత కూలీల పేరిట చెల్లించాలి. పట్టీలో ఇది వేరే గడిలో కనిపించాలి, రైతు ధరలోంచి తగ్గించకూడదు, కూలీల ఖాతాలకే చేరాలి. పైన చెప్పిన 11,781 రూపాయల ధర మీద లెక్కవేసినా ఇది నూటికి రెండు రూపాయలు కూడా కాదు. మీరు అమ్మే 200 గ్రాముల కారం పొట్లం మీద 40 పైసలు. ఎకరాకు ఇరవై క్వింటాళ్లు పండిన చేనులో కోసినవాళ్లందరికీ కలిపి 4,000 రూపాయలు. మీ పొట్లానికి అంటని భారం వారి ఇళ్లలో బియ్యానికి, పప్పుకు, నూనెకు ఆసరా.

2. తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న కాటాతోనే కాయ తూయాలి. గోతం బరువు తప్ప ఇంకే తరుగూ కూలీ దగ్గర తీయకూడదు. తూసిన బరువు, రావలసిన కూలి రాసిన చీటీ అప్పటికప్పుడు కోసిన మనిషి చేతికి ఇవ్వాలి. చేసిన పని ఒకటే అయినప్పుడు ఆడా మగా తేడా లేకుండా ఒకే రేటు ఉండాలి. 1976 నాటి సమాన వేతన చట్టం నుంచి 2019 నాటి వేతనాల కోడ్ దాకా చెబుతున్నది అదే.

3. మీరు రైతుతో రాయించే క్షేత్ర పుస్తకంలో ఇంకో పేజీ చేర్చండి. తాగునీరు, నీడ, మరుగు ఉన్నాయా, మందు కొట్టి ఎన్నాళ్లయింది, పద్నాలుగేళ్లలోపు పిల్లలు పనిలో ఉన్నారా, కూలీలు ఏ బండిలో వచ్చారు అన్నవి అందులో ఉండాలి. రవాణాకు సీట్లున్న వాహనమే వాడాలి, ఆ తేడా ఖర్చు కొనేవారు భరించాలి. లోపం కనిపించిన రైతుకు సరిదిద్దుకునే గడువు, సాయం ముందు ఇవ్వాలి. ఒక్కసారిగా కొనుగోలు ఆపి చిన్నరైతును శిక్షించడం మా ఉద్దేశం కాదు. బాల కార్మికుల విషయంలో, స్త్రీల మీద హింస విషయంలో, నిర్బంధ చాకిరీ విషయంలో మాత్రం ఏ మినహాయింపూ వద్దు.

4. గుంపులు తెచ్చే మేస్త్రీలు నమోదు కావాలి. బయానా, రేటు, తిండి ఖర్చు, తిరుగు ప్రయాణం బయలుదేరే ముందే కాగితం మీద ఉండి, ఆ కాగితం ప్రతి కుటుంబం దగ్గరా ఉండాలి.

5. వీటి అమలు చూడడానికి ఒక ఉమ్మడి కమిటీ వేయాలి. అందులో సగానికి తగ్గకుండా కోత కూలీ మహిళలు, వారిలోనూ వలస వచ్చినవారు తప్పక ఉండాలి. తెలుగులోనూ కన్నడంలోనూ లంబాడీలోనూ జవాబు చెప్పే ఫిర్యాదుల ఫోను సీజను పొడుగునా పనిచేయాలి.

6. అధికారులకు: 2013 చట్టం కింది స్థానిక కమిటీ సభ్యుల పేర్లు, ఫోను నంబరు ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద రాయించండి. సీజనల్ హాస్టళ్లను గుంపులు బయలుదేరక ముందే తెరవండి. గుడారాలు పడిన ఊళ్లోని బడికి ఆ కొన్ని నెలలకు ఒక అదనపు ఉపాధ్యాయుణ్ణి ఇవ్వండి. రేషను ఎక్కడున్నా తీసుకోవచ్చన్న సౌకర్యం 2019 ఆగస్టులో దేశంలో మొదట మొదలైన చోట్లలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. అయినా వలస వచ్చిన ఆడవాళ్లు కొందరు బియ్యం కొనుక్కుంటున్నారు, ఆ కార్డు ఇక్కడ చెల్లుతుందని వారికి తెలియదు. గుడారాల దగ్గరికి వెళ్లి చెప్పే బాధ్యత ఎవరికైనా అప్పగించండి.

రైతు సంఘాల పెద్దలకు వేరుగా ఒక మాట. గిట్టుబాటు ధర కోసం మీరు యార్డు ముందు ధర్నా చేసిన ప్రతిసారీ కూలీలు మీ వెంట వచ్చారు. కిలోకు 2 రూపాయల కోరికను మీ డిమాండ్ల పత్రంలో చేర్చండి. ఇది మీ జేబులోంచి అడుగుతున్నది కాదు.

కంపెనీల వారికి, సంక్రాంతికి ముందు మాతో ఒక్క రోజు కూర్చోవలసిందిగా కోరుతున్నాం. తేదీ, చోటు మీ ఇష్టం. ఆ రోజు మీ ఎదుట కూర్చునేవారిలో కోత కూలీలు, కౌలురైతులు ఇద్దరూ ఉంటారు. అప్పటికీ జవాబు రాకపోతే, ఈ లేఖను మీ కారం పొట్లాలు కొనే ఇళ్లకు చేరుస్తాం. హైదరాబాదు, బెంగళూరు అపార్టుమెంట్ల సంఘాలకు, కాలేజీల విద్యార్థులకు, చర్చిలకు, మసీదులకు, దేవాలయ కమిటీలకు, విదేశాల్లో ఉన్న తెలుగు సంఘాలకు పంపి, ఏ కంపెనీ మాట్లాడింది, ఏ కంపెనీ మాట్లాడలేదు అన్నది ఉన్నదున్నట్టు చెబుతాం. ఎవరి సరుకునూ ఇప్పుడే మానమని అనడం లేదు. మీ వ్యాపారం నిలిస్తేనే మా కోత నిలుస్తుందని మాకు తెలుసు.

ఈ లేఖ చదివే తీరిక ఉండి, నమ్మకం కుదరనివారు మొదటి కోత మొదలయ్యాక ఒక సాయంత్రం మా పొలానికి రండి. గోతాలు లాక్కొచ్చే వరుసలో మాతో పాటు నిలబడి కాటా ముల్లు చూడండి. ఏ ఊరికి రావాలో అడిగిన రోజే చెబుతాం. తూకం సాయంత్రం ఐదున్నరకు మొదలవుతుంది.

ఇట్లు,
పల్నాడు మిర్చి పొలాల కోత కూలీలు, సుగ్గి కుటుంబాలు, కౌలురైతులు, డ్రైవర్లు, వారితో కలిసి నడుస్తున్నవారి తరఫున,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు.
(సంతకాలు, వేలిముద్రలు వేరు కాగితాల మీద జతపరిచాం.)